షీటు మీద ఏ బటన్ పెట్టాలి?
ఎక్సెల్ డెవలపర్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ నొక్కితే బటన్లు, చెక్‌బాక్సులు, కాంబో బాక్సులు రెండు గుంపులుగా వస్తాయి: పైన ఫారమ్ కంట్రోల్స్, కింద యాక్టివ్‌ఎక్స్. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది చేతికందినది పెట్టేస్తారు. నలుగురి చేతులు మారే ఫైలైతే ఫారమ్ కంట్రోలే పెట్టాలని నా వాదన. అది ఎక్సెల్‌లోనే భాగం, మాక్‌లోనూ పనిచేస్తుంది. యాక్టివ్‌ఎక్స్ విండోస్‌ను నమ్ముకున్న విడి భాగం. 2014 డిసెంబరులో వచ్చిన ఆఫీస్ అప్‌డేట్ తర్వాత ఎన్నో షీట్లలో ఆ బటన్లు నొక్కినా పలకలేదు. వాటిని మళ్లీ పలికించడానికి, ఆ కంట్రోల్స్ కోసం ఆఫీస్ దాచుకున్న పాత ఈఎక్స్‌డీ (.exd) ఫైళ్లు వెతికి తీసేయాల్సి వచ్చింది. ఆఫీస్ 2024లోనైతే మైక్రోసాఫ్ట్ భద్రత కోసం యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్‌ను మొదటి నుంచే ఆపి ఉంచింది.

ఫారమ్ కాంబో బాక్సులో అక్షరాల సైజు మార్చలేం కదా అంటారు. నిజమే. పైగా అది లింక్ చేసిన సెల్‌లో పేరు కాక, జాబితాలో దాని స్థానం వేస్తుంది. గుంటూరు, వరంగల్, కర్నూలు ఉన్న జాబితాలో వరంగల్ ఎంచుకుంటే సెల్‌లో 2 పడుతుంది; పేరు కావాలంటే ఇండెక్స్ ఫార్ములా రాయాలి. కానీ ఆ ఒక్క ఫార్ములాతో మాక్రో అవసరమే తప్పుతుంది, ఫైలు తెరిచినవారికి మాక్రో హెచ్చరిక ఎదురుకాదు. ఉత్త జాబితా చాలనుకుంటే డేటా వాలిడేషన్ ఇంకా తేలిక. టైపు చేసే ప్రతి అక్షరానికీ కోడ్ స్పందించాలంటే మాత్రం ఫారమ్ కంట్రోల్ చాలదు. ఆ పనిని షీటు మీద కాకుండా వీబీఏ యూజర్‌ఫారమ్‌లో పెట్టుకోవడం మేలు.