రేపటి పటంలో మన ఊరు: అపోహలు – వాస్తవాలు

పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారవుతుంది. పటాన్ని మున్సిపల్ ఆఫీసులో గోడకు తగిలిస్తారు. పేపర్లో ఓ మూల చిన్న ప్రకటన వస్తుంది: అభ్యంతరాలు, సూచనలు ఉంటే ఫలానా తేదీలోగా తెలపాలి. చాలామంది కంట ఆ ప్రకటన పడదు. పడినవాళ్లలో సగంమంది "మనం చెబితే వింటారా" అని పేజీ తిప్పేస్తారు. ఆ పట్టణం వచ్చే ఇరవై ఏళ్లలో ఎటు పెరగాలో, వందడుగుల రోడ్డు ఎవరి పొలం మీదుగా పోవాలో తేల్చే కాగితం అది. దాని గురించి మన మధ్య తిరిగే మాటల్లో కొన్ని పచ్చి అబద్ధాలు, కొన్ని సగం నిజాలు. సగం నిజాల వల్లే నష్టం ఎక్కువ.

అపోహ: ముసాయిదా బయటికి వచ్చిందంటే అంతా అయిపోయినట్టే.

కాదని కామారెడ్డి చూపించింది. 2022 చివర్లో ఆ పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఇచ్చారు. చుట్టుపక్కల గ్రామాల రైతులు పటం చూసుకుంటే, పంటలు పండే తమ భూములు పారిశ్రామిక జోన్‌లో కనిపించాయి. 2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు వందలాది రైతులు కలెక్టరేట్ ముందు బైఠాయించారు. జనవరి 20న మున్సిపల్ పాలకవర్గం సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ ముసాయిదాను ఇలాగే రద్దు చేశారు. ముసాయిదా అన్నది మార్చడానికి వీలున్న దశ. చట్టం గడువు ఇచ్చేది అందుకే. నన్ను కలచివేసేది ఒక్కటే: ఆ పటం మొదటి రోజే గ్రామ పంచాయతీల్లోకి వచ్చి, ఏ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో తెలుగులో చదివి వినిపించి ఉంటే, ఇంత దూరం వచ్చేది కాదు.

అపోహ: పటంలో రంగు మారితే భూమి పోయినట్టే.

ఈ భయంలో సగం నిజముంది. మాస్టర్ ప్లాన్ పటాల్లో సాధారణంగా పసుపు నివాస ప్రాంతం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమలు. పొలం మీద ఊదా రంగు పడినంత మాత్రాన పట్టా మారదు, సాగు ఆపమని ఎవరూ చెప్పరు. ప్రభుత్వం భూమి తీసుకోవాలంటే 2013 నాటి భూసేకరణ చట్టం కింద వేరే నోటీసు, వేరే విచారణ, పరిహారం ఉండాల్సిందే. అయితే రంగు ఉత్త రంగే అని సర్దిచెప్పేవాళ్లూ నిజం దాస్తున్నారు. ఊదా పడిన చోట ఇళ్ల లేఅవుట్‌కు అనుమతి రాదు. బిడ్డ పెళ్లికో, కొడుకు చదువుకో ఎకరం అమ్ముదామనుకున్న రైతుకు అడిగే నాథుడు ఉండడు. రోడ్డు గీత పడిన చోట రేపు ఇల్లు కట్టుకోబోతే అంతమేర వదిలేయమంటారు. భూమి చేతిలోనే ఉంటుంది, దాని విలువ మాత్రం కరిగిపోతుంది. కామారెడ్డి రైతుల ఆందోళన అజ్ఞానం కాదు, అందులో లెక్క ఉంది.

అపోహ: ఇరవై ఏళ్ల ముందుచూపు నిపుణులకే ఉంటుంది, చదువురాని రైతుకూలీకి ఏం తెలుసు?

ఈ మాటకు మన నేలమీదే జవాబు దొరికింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సే సంస్థ సాయంతో విజన్ 2020 విడుదల చేసింది. భూమి మీద ఆధారపడి బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం అందులో ఒక ఆలోచన. ఆ తగ్గేవాళ్లను ఎవరూ అడగలేదు. 2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' పేరుతో ఒక పౌర న్యాయసభ జరిగింది. తీర్పరులు చిన్న, సన్నకారు రైతులు, కూలీలు. వారిలో ఎక్కువమంది మహిళలు, దళితులు, ఆదివాసీలు. వ్యవసాయానికి మూడు రకాల భవిష్యత్తులను వీడియోలుగా తీసి వాళ్ల ముందు పెట్టారు. ప్రభుత్వ విజన్ ఒకటి, ఎగుమతుల కోసం సేంద్రియ సాగు రెండోది, ఊరి తిండి ఊరే పండించుకునే స్వావలంబన మూడోది. సాక్షులుగా వచ్చిన అధికారులను, శాస్త్రవేత్తలను, కంపెనీల ప్రతినిధులను వాళ్లు రోజుల తరబడి ప్రశ్నించారు.

తీర్పు స్పష్టంగా వచ్చింది. 70ని 40 చేయడం వద్దన్నారు. కూలి పనులు పోగొట్టే యంత్రాలు, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. మట్టి సత్తువ, పంటల వైవిధ్యం, పశువులు, చెట్లు, తమకు తెలిసిన విత్తన విద్య కావాలన్నారు. తీర్పరుల ఎంపిక సరిగా లేదనీ, సభ ఒక పక్షానికి మొగ్గిందనీ విమర్శ వచ్చింది. రాష్ట్రానికి సాయం చేస్తున్న బ్రిటన్ ప్రభుత్వ విభాగమే ఆ ప్రశ్న లేవనెత్తింది. ఎంపిక మీద చర్చ న్యాయమే. కానీ నా దృష్టిలో ఆ సభ ఒక సంగతిని తిరుగులేకుండా తేల్చింది: విషయాన్ని అర్థమయ్యే భాషలో పెట్టి, తగినంత సమయమిస్తే, బడిమెట్లు ఎక్కనివాళ్లు కూడా ఇరవై ఏళ్ల దూరం చూడగలరు, అడగాల్సిన ప్రశ్న అడగగలరు. కన్సల్టెంట్ నివేదికలో 'మిగులు శ్రామికులు'గా కనబడే మనుషులు, 'మేమెక్కడికి పోవాలి?' అని నిలదీశారు. ఆ ప్రశ్నకు జవాబు లేని ప్రణాళికను పూర్తయిన ప్రణాళిక అనలేం.

అపోహ: సభలో జనం వద్దంటే ప్రాజెక్టు ఆగి తీరాలి.

ఆగదు. ఈ అపోహ వల్ల జనం రెండుసార్లు మోసపోతున్నారు: ముందు ఎక్కువ ఆశపడి, తర్వాత పూర్తిగా నమ్మకం వదిలేసి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో ఓట్లు లెక్కపెట్టరు. కనీసం ఇంతమంది రావాలన్న నియమమూ లేదు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని కోసం 2006లో సభ పెట్టినప్పుడు స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు, అయినా గని వచ్చింది. గ్రామసభ మాటే చెల్లిన సందర్భమూ ఉంది. ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల మీద 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, గ్రామసభలనే అడగమంది. ఆ ఏడాది 12 గ్రామసభలు జరిగితే పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ అటవీ హక్కుల చట్టం గ్రామసభకు బలమిచ్చింది. మన ఊళ్లో జరిగే సభ ఏ చట్టం కిందో ముందు తెలుసుకోవాలి. అది తెలియకుండా ఎంత గొంతు చించుకున్నా శ్రమ వృథా.

అపోహ: ఈ సభల వల్లే అభివృద్ధి వెనకబడుతోంది.

పోలవరం సంగతి చూడండి. ముంపు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో కూడా ఉన్నా అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. ఆ లోటు ప్రాజెక్టును ఏళ్ల తరబడి వెంటాడింది. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమని ఉత్తర్వు ఇచ్చింది, తర్వాత దాన్ని పక్కనపెడుతూ గడువు మీద గడువు పొడిగిస్తూ వచ్చింది. ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టింది సభలు పెట్టడం కాదు, పెట్టకపోవడం.

అపోహ: అభిప్రాయం అడగడం ప్రభుత్వం దయ.

రాజ్యాంగం 243 జడ్‌డి అధికరణం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా సంఘం ఉండాలంటుంది. దాని సభ్యుల్లో కనీసం అయిదింట నాలుగు వంతులు జిల్లా పరిషత్, మున్సిపాలిటీల్లో గెలిచినవారే కావాలి. పంచాయతీలు, పట్టణాలు వేసుకున్న ప్రణాళికలను కలిపి జిల్లా ముసాయిదా తయారుచేయడం దాని పని. అంటే ప్రణాళిక కింది నుంచి పైకి రావాలి. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి, ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చింది. నిధులు చేతిలో ఉన్నాయి కాబట్టే జనం గ్రామసభకు వచ్చారు. మన దగ్గర జిల్లా ప్రణాళికా సంఘం పేరు విన్నవాళ్లే తక్కువ. ఇది సిగ్గుపడాల్సిన విషయం.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ విడుదల చేసిన స్వర్ణాంధ్ర 2047 లాంటి విజన్ పత్రాలకూ ప్రజల సూచనలు తీసుకున్నారు. కానీ వచ్చిన ప్రతి సూచనకూ జవాబు చెప్పి తీరాలని ఏ చట్టమూ లేదు. వచ్చినవాటిలో ఏవి తీసుకున్నారో, ఏవి ఎందుకు వదిలేశారో ప్రతి జిల్లాకూ ఒక పుస్తకం వేస్తే, వచ్చేసారి అడగకుండానే జనం ముందుకొస్తారు.

అపోహ: సభలో గట్టిగా మాట్లాడితే చాలు.

పర్యావరణ సభల్లో ఒక నియమం చాలామందికి తెలియదు. అందరూ మాట్లాడాక, ఎవరేమన్నారో రాసిన సారాంశాన్ని అక్కడికక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ తర్వాతే కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి దానిమీద సంతకం పెట్టాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చాలామంది ఆ చదివే సమయానికి లేచి వెళ్లిపోతారు. మీరు చెప్పింది అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి.

మాస్టర్ ప్లాన్‌కైతే అంతా రాతలోనే నడుస్తుంది. 'మా భూములు కాపాడండి' అని వందమంది సంతకాలు పెట్టిన ఒకే అర్జీ కంటే, ఎవరికి వారు రాసిన అర్జీ గట్టిగా నిలబడుతుంది. అందులో సర్వే నంబర్, విస్తీర్ణం, ముసాయిదాలో చూపించిన జోన్, ఇప్పుడు ఆ భూమిలో ఏముంది (బోరుబావి, మామిడి తోట, ఇల్లు), మార్చాల్సింది ఏమిటి, ఎందుకు అన్నవి ఉండాలి. పాసుపుస్తకం జిరాక్సు, పొలం ఫొటో జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే రెండో దానిమీద ఇన్‌వార్డ్ నంబర్, తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయడానికి ఒప్పుకోకపోతే, స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి.