కారు తుడవడంలో అపోహలు: ఆరేది నీళ్లే, ఉప్పు కాదు

కారు కడగడం గురించి ఎవరినడిగినా ఏదో ఒక చిట్కా చెబుతారు. తుడవడం దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతికందిన గుడ్డే గతి. శుభ్రంగా కడిగిన కారుకు మరకలు పడేదీ, గీతలు పడేదీ చాలాసార్లు అక్కడే.

అపోహ: ఎండలో వదిలేస్తే అదే ఆరిపోతుంది

ఆరిపోతుంది, కాదనలేం. అయితే ఆవిరయ్యేది నీరొక్కటే. అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కడికీ పోవు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయి మూతికీ గీజరు కాయిల్‌కీ పట్టే తెల్లటి గారే బానెట్ మీద చుక్కలుగా తేలుతుంది. తాగునీటి విషయంలో భారతీయ ప్రమాణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలను ఒప్పుకుంటాయి, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా. మన ఊళ్లలో లోతు బోర్లు 500 దాటడం వింతేమీ కాదు. వెయ్యి ఉన్న నీళ్లు ఒక లీటరు కారు మీదే ఆరిపోయాయనుకోండి, గ్రాము ఉప్పు పెయింటు మీద మిగిలినట్టే. తాజా చుక్క తడిగుడ్డకు పోతుంది. నాలుగు రోజులు ముదిరితే వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, నీడలో, చల్లటి పెయింటు మీద అద్ది, వెంటనే మంచినీళ్లతో కడగాలి. వారాల తరబడి ఎండకు కాలిన చుక్క పైపూతను కొరికేస్తుంది. అప్పుడిక పాలిష్ పట్టించాల్సిందే.

ఇక్కడే ఇంకో సంగతి. నీళ్లు వృథా కాకూడదని ఆర్ఓ యంత్రం వదిలేసే నీళ్లు పట్టి కారుకు పోసేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది అందులోకే, అంటే అవి అసలు బోరు నీళ్లకన్నా ఉప్పన. మొదట బురద వదలగొట్టడానికి వాడుకోండి, ఆఖరి చెంబుకు మాత్రం వద్దు. ఏసీ పైపులోంచి కారే నీళ్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం: గాలిలోని తేమ చల్లబడి దిగినవి కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో రాత్రంతా బకెట్ పెడితే పొద్దున్నే అద్దాలకూ బానెట్‌కూ చివరగా పోయడానికి సరిపోతాయి.

అపోహ: మెత్తని పాత బనియను ఉండగా వేరే గుడ్డ ఎందుకు?

గీత గీసేది గుడ్డ కాదు, గుడ్డకూ పెయింటుకూ మధ్య చిక్కిన ఇసుక. రంగుపై ఉండే క్లియర్ కోట్ మందం సుమారు 40–50 మైక్రాన్లు, తల వెంట్రుకకన్నా సన్నం. ఉతికిన నూలుగుడ్డతో పెద్ద ప్రమాదం లేదు, కానీ దాని కుట్లూ అంచులూ గరుకు. నీళ్లు పీల్చేది తక్కువ, పీచు వదిలేది ఎక్కువ. మైక్రోఫైబర్ దారాలు చీలికలుగా ఉంటాయి కనుక తడినీ దుమ్మునూ లోపలికి లాక్కుంటాయి. అది ఒకసారి నేల మీద పడిందా, ఉతికేదాకా కారు దగ్గరికి రానివ్వకండి. ఉతికేటప్పుడు సువాసన కోసం వేసే కండిషనర్ కలపొద్దు, పీల్చే గుణం పోతుంది.

అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడిచే పద్ధతి చూస్తూనే ఉంటాం. నల్ల కారును ఎండలో నిలబెడితే కనిపించే సాలెగూటి గీతలు చాలావరకు ఆ తుడుపువే. తప్పు తుడిచే మనిషిది కాదు. ఆయనకిచ్చే డబ్బులకు కారుకో గుడ్డ కొనమనడం అన్యాయం. యజమానే రెండు గుడ్డలు కొనిచ్చి, ముందు దుమ్ము నీళ్లతో పారించమని చెబితే సరిపోతుంది.

ఇంట్లో కడుక్కునేవాళ్లకు సులువైన పని ఒకటుంది. చివర్లో పైపు ముక్కు తీసేసి, టాప్ మీద నుంచి నెమ్మదిగా ధార వదలండి. చిమ్మితే చుక్కలుగా నిలిచే నీళ్లు ఇలా వదిలితే పొరగా కిందికి జారిపోతాయి, తుడవాల్సింది సగానికి తగ్గుతుంది. ఆపైన గుడ్డను పరిచి మెల్లగా లాగాలి, రుద్దకూడదు. పై నుంచి కిందికి రావాలి. చక్రాలకు వేరే గుడ్డ.

అపోహ: కాస్త కిరోసిన్ కలిపి తుడిస్తే మెరుపు

మెరుస్తుంది, సాయంత్రం దాకా. ఆ జిడ్డుకే మళ్లీ దుమ్ము అంటుకుంటుంది. రబ్బరు బీడింగులు ఉబ్బి పాడవుతాయి.

అపోహ: సిరామిక్ కోటింగ్ ఉంటే తుడవక్కర్లేదు

కోటింగ్ మీద నీళ్లు ముత్యాల్లా నిలబడతాయి. ఆ ముత్యం ఆరినచోటే ఉప్పంతా ఒక్క చుక్కగా దిగుతుంది. కోటింగుతో తుడవడం తేలికవుతుందే కానీ తప్పదు.

అపోహ: తడి ఉండిపోతే తలుపులు తుప్పు పడతాయి

తలుపుల్లోకి నీళ్లు దిగడం మామూలే. అడుగున వాటి కోసమే రంధ్రాలుంటాయి. మట్టితో అవి మూసుకుపోయినప్పుడే తుప్పు మొదలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ రంధ్రాలను పుల్లతో శుభ్రం చేసుకోవడం ఇంకా అవసరం.

అపోహ: ఒక రౌండు కొట్టొస్తే ఆరిపోతుంది

ఇది సగం నిజం. తడి పెయింటుతో రోడ్డెక్కితే దుమ్ము అతుక్కుంటుంది, కాబట్టి తుడిచాకే బయల్దేరాలి. బ్రేకుల విషయంలో మాత్రం రౌండు మంచిదే. కడిగిన కారును తడి బ్రేకులతో, హ్యాండ్‌బ్రేక్ వేసి రోజుల తరబడి నిలిపితే డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది, ప్యాడ్లు అతుక్కోవచ్చు కూడా. వీధి చివరిదాకా వెళ్లి, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు నొక్కితే ఆ వేడికే అవి ఆరిపోతాయి.