పైసలు ‘నడిమిట్ల’ ఉన్నప్పుడు

2017 డిసెంబర్ 22, శుక్రవారం ఉదయం. క్రిస్మస్ సెలవుల ముందు రోజు కావడంతో ఆఫీసులో సగం సీట్లు ఖాళీ. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే మిత్రుడు ఫోన్ చేశాడు. జమ్మికుంట కుర్రాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. హెచ్‌1బీ మీద వచ్చి, ఇల్లు కొనడానికి డౌన్ పేమెంట్ కూడబెట్టుకుంటున్నాడు. గొంతులో వణుకు తెలుస్తోంది.

“అన్నా, రాత్రి పంపిన. పైసలు ఈడ లేవు, ఆడ లేవు. నడిమిట్ల ఏడనో ఉన్నయి.”

అతను పంపింది రెండు బిట్‌కాయిన్లు. ఒక ఎక్స్ఛేంజ్‌లో కొన్నాడు. అక్కడి నుంచి బ్యాంకుకు తీసుకోవడానికి వారానికి ఇంత అని పరిమితి ఉంది. మరో ఎక్స్ఛేంజ్‌లో ఆ ఇబ్బంది లేదు. అక్కడికి పంపి అమ్మేద్దామనుకున్నాడు. గురువారం సాయంత్రం ‘సెండ్’ నొక్కినప్పుడు ధర 16 వేల డాలర్ల దగ్గర ఉంది. శుక్రవారం తెల్లారేసరికి 12 వేల దరిదాపులకు జారింది. తెర మీద అంకెలు పడిపోతుంటే, అమ్మడానికి చేతిలో సరుకు లేదు. రెండు ఎక్స్ఛేంజీల కస్టమర్ సర్వీసుకూ రాశాడు. ‘మేం పంపించేశాం’ అని ఒకరు, ‘మాకింకా అందలేదు’ అని మరొకరు. ఇద్దరూ చెప్పింది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది.

కాయిన్లు సాయంత్రానికి చేరాయి. 13 వేల చిల్లరకు అమ్మాడు. రెండింటి మీదా కలిపి ఐదు వేల డాలర్ల దాకా పోయింది. ఆ ఏడాది మనవాళ్ల ఇళ్లలో, గుళ్లో, పొట్లక్ విందుల్లో బిట్‌కాయిన్ గురించి మాట్లాడని మగాడు లేడు. ఎంత వచ్చిందో అందరూ చెప్పారు కానీ ఎక్కడ ఇరుక్కుందో ఎవరూ చెప్పలేదు.

ఆ ఆలస్యం ఎందుకంటే

బిట్‌కాయిన్ లెడ్జర్‌లో సగటున పది నిమిషాలకు ఒక పేజీ నిండుతుంది. దాన్నే బ్లాక్ అంటారు. పేజీలో చోటు పరిమితం. జనం ఎక్కువైతే వెయిటింగ్ లిస్టు. మన రైల్వే తత్కాల్‌ లాగా, ఎక్కువ రుసుము కట్టినవారు ముందుకు వెళతారు. 2017 డిసెంబర్ చివర్లో ఒక్కో లావాదేవీకి సగటు రుసుము 50 డాలర్లు దాటింది. తక్కువ రుసుముతో వెళ్లిన లావాదేవీలు గంటలు, కొన్ని రోజులు కూడా వరుసలో నిలబడ్డాయి. వరుస దాటి ఒక బ్లాక్‌లోకి ఎక్కినా పని అయిపోదు. అవతలి ఎక్స్ఛేంజ్ దాని మీద ఇంకో రెండో, ఐదో బ్లాకులు పడేదాకా ఆగి, అప్పుడే మన ఖాతాలో చూపిస్తుంది. అంతా సజావుగా ఉన్న రోజున కూడా ఆరు బ్లాకులంటే గంట.

మనలాంటివారికి గంట ఆలస్యం విసుగు పుట్టిస్తుంది, అంతే. కానీ ఎక్స్ఛేంజీల మధ్య సరుకు తిప్పే వ్యాపారులకు ఆ గంటే నష్టం. ఒకచోట ధర తక్కువ, మరోచోట ఎక్కువ ఉన్నప్పుడు, ఇక్కడ కొని అక్కడ అమ్మాలంటే కాయిన్ చేరేలోగా తేడా కరిగిపోతుంది. అందుకని వాళ్లు ప్రతి ఎక్స్ఛేంజ్‌లోనూ ముందే పెద్ద మొత్తాలు పెట్టి ఉంచుతారు. ఆ ఎక్స్ఛేంజ్ మునిగితే అవీ మునుగుతాయి. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్ మూతపడినప్పుడు 8.5 లక్షల బిట్‌కాయిన్ల లెక్క తేలలేదు. వాటిలో దాదాపు రెండు లక్షలు తర్వాత దొరికాయి.

ఆ దెబ్బ తర్వాత, అదే ఏడాది అక్టోబర్‌లో ఆడమ్ బ్యాక్, గ్రెగరీ మాక్స్‌వెల్ తదితరులు ఒక పత్రం రాశారు. అసలు బిట్‌కాయిన్ గొలుసును ముట్టుకోకుండా, దాని పక్కన మరో గొలుసు వేసి, కాయిన్లను అటూ ఇటూ తిప్పవచ్చన్నది అందులోని ఆలోచన. పేరు సైడ్‌చెయిన్. (పక్క గొలుసు అంటే నగల కొట్టులో మాటలా ఉంటుంది కాబట్టి సైడ్‌చెయిన్ అనే అనుకుందాం.) వారి కంపెనీ బ్లాక్‌స్ట్రీమ్ 2015 అక్టోబర్‌లో ‘లిక్విడ్’ను ప్రకటించింది. ఎక్స్ఛేంజీల మధ్య బదిలీల కోసమే వ్యాపార పద్ధతిలో నడిపే సైడ్‌చెయిన్ అది. మొదట చేయి కలిపిన ఐదు సంస్థలు బిట్‌ఫినెక్స్, బీటీసీసీ, క్రాకెన్, జాపో, మన బెంగళూరు యునోకాయిన్. ప్రకటించిన మూడేళ్లకు, 2018 అక్టోబర్‌లో, 23 సంస్థలతో ప్రారంభమైంది.

జమ్మికుంట గోదాం లెక్క

ఇదంతా నాకు సరిగ్గా అర్థమైంది మాత్రం ఏ పత్రం వల్లా కాదు. 2019 వేసవిలో మిత్రుడి అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్ల నాన్నగారు జమ్మికుంట పత్తి మార్కెట్‌లో ముప్పై ఏళ్లకు పైగా అడ్తి వ్యాపారం చేసిన మనిషి. ఓ ఆదివారం సాయంత్రం వాళ్ల ప్యాటియోలో కూర్చుని మేమిద్దరం లిక్విడ్ గురించి మాట్లాడుకుంటుంటే, ఆయన మిర్చి బజ్జీ పక్కన పెట్టి అడిగారు.

“గోదాం రసీదులెక్కనా?”

“అంటే ఏంటి బాబాయిగారూ?” అన్నాను. మాది తెనాలి. మా ఇంట్లో వ్యాపారం తెలియదు.

సరుకు గోదాంలో పెడితే రసీదు ఇస్తారు. తర్వాత సరుకును లారీకెక్కించి ఊరూరా తిప్పనక్కర్లేదు. రసీదు చేతులు మారితే చాలు, చివరికి అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే వెళ్లి బస్తాలు దించుకుంటారు. లిక్విడ్ సరిగ్గా అంతే. అసలు బిట్‌కాయిన్లను ఒక ఉమ్మడి ఖాతాలో తాళం వేస్తారు. వాటికి బదులు సైడ్‌చెయిన్ మీద అంతే సంఖ్యలో ఎల్-బీటీసీ అనే రసీదులు పుడతాయి. ఆ గొలుసులో నిమిషానికి ఒక బ్లాక్ పడుతుంది. రెండు బ్లాకులు పడ్డాయంటే లావాదేవీ ఖాయం. గంట పని రెండు నిమిషాలకు వచ్చింది. రసీదు వెనక్కి ఇచ్చేసినప్పుడు అది రద్దయి, గోదాంలోని కాయిన్ బయటికి వస్తుంది.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. మామూలు బిట్‌కాయిన్ గొలుసులో ఎవరు ఎంత పంపారో ఎవరైనా చూడవచ్చు. ఒక ఎక్స్ఛేంజ్‌ లోకి వెయ్యి కాయిన్లు వస్తున్నాయని కనిపిస్తే, ఎవరో అమ్మబోతున్నారని ఊహించి మిగతావాళ్లు ముందే అమ్మేస్తారు. లిక్విడ్‌లో మొత్తం ఎంతో, ఏ ఆస్తో బయటివారికి కనిపించదు. పంపినవారికీ అందుకున్నవారికీ మాత్రమే తెలుస్తుంది. ఇది చెప్పగానే పెద్దాయన నవ్వారు. మార్కెట్ యార్డులో కూడా తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవారట, పక్కవాడికి ధర తెలియకుండా.

తర్వాత ఆయన అసలు ప్రశ్న వేశారు. “గోదాంల సరుకు ఉన్నదా? తాళంచెవి ఎవరి తాన ఉన్నది?”

పదిహేను మందిలో పదకొండు మంది

బిట్‌కాయిన్ అసలు గొలుసుకు కాపలా కాసేది ప్రపంచమంతా చెదిరి ఉన్న మైనర్లు. ఎవరు ఎవరో తెలియనక్కర్లేదు. లిక్విడ్‌లో అలా కాదు. సభ్య సంస్థల దగ్గర, వేర్వేరు దేశాల్లో 15 ప్రత్యేక యంత్రాలు ఉంటాయి. వాటిలో 11 సంతకం చేస్తేనే కొత్త బ్లాక్ పడుతుంది, 11 సంతకం చేస్తేనే గోదాం తలుపు తెరుచుకుంటుంది. ఈ ఏర్పాటును ఫెడరేషన్ అంటారు. అంటే ఒక్క ఎక్స్ఛేంజ్‌ని నమ్మే బదులు కొన్ని సంస్థలు కుమ్మక్కు కావని నమ్ముతున్నాం. నమ్మకం అవసరం తగ్గింది కానీ పోలేదు. దీన్ని గొప్ప స్వేచ్ఛగా అమ్మేవారి మాటలు వింటే నాకు చిరాకు. ఇది క్లియరింగ్ హౌస్. మంచి క్లియరింగ్ హౌస్ కావచ్చు.

పదిహేనులో ఎక్కువ యంత్రాలు ఒకేసారి చెడిపోతే డబ్బు శాశ్వతంగా ఇరుక్కోకుండా, అత్యవసర తాళాలు మూడు పెట్టారు. కొన్ని వారాలపాటు కదలిక లేని కాయిన్లను ఆ మూడింట్లో రెండు కలిస్తే తీయవచ్చు. 2020 జూన్‌లో ఆ గడువు లెక్కలో తేడా వచ్చి, 870 బిట్‌కాయిన్లు కొంతసేపు ఆ రెండు తాళాలకే లొంగే స్థితిలో ఉండిపోయాయి. అప్పటి ధరకు 80 లక్షల డాలర్ల పైమాటే. బయటి నిపుణుడొకరు పట్టుకుని చెబితే కంపెనీ ఒప్పుకుంది. ఎవరి డబ్బూ పోలేదు. కానీ పదకొండు మంది కాపలా అనుకున్నచోట ఇద్దరే ఉన్న గంట ఒకటి వచ్చింది.

లిక్విడ్‌కు అంతటితో పోయింది. వేరే సైడ్‌చెయిన్ ఒకటి అంత అదృష్టం చేసుకోలేదు. ఆక్సీ ఇన్ఫినిటీ ఆటకు రోనిన్ అనే సైడ్‌చెయిన్ ఉండేది, తొమ్మిది మంది కాపలాదారులు, ఐదు సంతకాలు చాలు. అందులో నాలుగు తాళాలు ఒక్క కంపెనీ చేతిలోనే ఉన్నాయి. 2022 మార్చిలో దొంగలు ఆ నాలుగూ, మరొకటీ సంపాదించి 60 కోట్ల డాలర్లకు పైగా ఎత్తుకుపోయారు. ఆరు రోజులు ఎవరికీ తెలియలేదు. ఒక వినియోగదారు తన డబ్బు తీసుకోబోతే రాకపోవడంతో బయటపడింది. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని ఎఫ్‌బీఐ తేల్చింది. 2024 జూలైలో భారత్‌లోని వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయినప్పుడు కూడా ఆ వాలెట్‌కు ఒకటి కాదు, అనేక సంతకాలు కావాలి. సంతకం చేసినవారికి తెర మీద కనిపించింది ఒకటి, నిజంగా సంతకం పడింది మరొకటి.

కాబట్టి పెద్దాయన ప్రశ్నకు ఎన్ని తాళాలన్న సంఖ్య జవాబు కాదు. అవి ఎన్ని వేర్వేరు ఇళ్లలో ఉన్నాయన్నదే చూడాలి.

మనకు ఎంతవరకు

నిజానికి ఆ శుక్రవారం నాడు లిక్విడ్ ఉండి ఉంటే మా వాడి డబ్బు దక్కేదా? రెండు ఎక్స్ఛేంజీలూ అందులో ఉంటేనే. ప్రారంభంలో చేరిన 23లో కాయిన్‌బేస్ లేదు, బైనాన్స్ లేదు. పైగా మామూలు బిట్‌కాయిన్‌ను లిక్విడ్‌లోకి నేరుగా తెచ్చుకోవాలంటే 102 బ్లాకులు ఆగాలి, అంటే దాదాపు 17 గంటలు. రసీదు ముందే చేతిలో ఉన్నవాడికే రెండు నిమిషాల వేగం. బయటికి తీయడం ఫెడరేషన్ సభ్యుల ద్వారానే. మనం వాళ్ల దగ్గరికైనా వెళ్లాలి, లేదా రసీదును మార్చి కాయిన్ ఇచ్చేవాళ్లను వెతుక్కోవాలి. ఇది టోకు వ్యాపారుల దారి. చిల్లర కొనుగోలుదారు కోసం వేసింది కాదు.

టోకు వ్యాపారులు కూడా అనుకున్నంతగా రాలేదు. ఎక్స్ఛేంజీల మధ్య డబ్బు తిప్పడానికి వాళ్లు డాలర్ స్టేబుల్‌కాయిన్లను పట్టుకున్నారు. ముఖ్యంగా ట్రాన్ గొలుసు మీద టెథర్. అది వేగంగా చేరుతుంది. మధ్యలో ధర పడిపోతుందన్న భయమూ తక్కువ. ఆ గొలుసును నమ్మాలి, టెథర్ కంపెనీనీ నమ్మాలి, అది వేరే సంగతి. 2.1 కోట్ల గరిష్ఠ బిట్‌కాయిన్లలో లిక్విడ్ గోదాంలో ఉండేవి కొన్ని వేలే.

ఇంకో సంగతి మనవాళ్లు గుర్తుంచుకోవాలి. 2017లో భారత్‌లో ధర ఇక్కడికంటే ఎక్కువగా పలికేది. ఇక్కడ కొని అక్కడ అమ్మితే లాభమని లెక్కలు వేసినవారు నాకు చాలామంది తెలుసు. కాయిన్ వెళ్లడానికి గంట పట్టినా, రెండు నిమిషాలు పట్టినా ఆ లెక్క మారదు. అమ్మాక వచ్చే రూపాయలు మళ్లీ డాలర్లుగా తిరిగి రావాలి కదా. ఆ దారిలో ఉన్నది బ్యాంకులూ, ఫెమా నిబంధనలూ. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలే ఆపించింది. ఆ సర్క్యులర్‌ను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ వచ్చాయి. ఇక్కడ అమెరికాలో సొంత ఖాతాల మధ్య కాయిన్ మార్చుకుంటే అది అమ్మకం కాదు, పన్ను లేదు. అయితే ఎప్పుడు, ఎంతకు కొన్నారన్న లెక్క మన దగ్గర ఉండాలి. ఎక్స్ఛేంజ్ మారితే ఆ పాత లెక్క దానంతటది వెంట రాదు.

వేగం గురించి మాట్లాడుతూ అసలు ప్రమాదాన్ని మరచిపోతామేమోనని నా భయం. సైడ్‌చెయిన్ కాపాడేది దారి మధ్యలోనే. చేరిన చోటు మునిగితే అది ఏమీ చేయలేదు. లిక్విడ్ తొలి సభ్యుల్లో ఒకటైన ఇటలీ సంస్థ ద రాక్ ట్రేడింగ్ 2023 ఫిబ్రవరిలో చేతులెత్తేసింది. అంతకు మూడు నెలల ముందు, 2022 నవంబర్ 11న ఎఫ్‌టీఎక్స్ దివాలా పిటిషన్ వేసింది. అక్కడ డబ్బు ‘నడిమిట్ల’ లేదు. ఖాతాలో అంకె కనిపిస్తూనే ఉంది, గోదాంలో సరుకు లేదు.

మా మిత్రుడు చివరికి ఇల్లు కొన్నాడు, ఫ్రిస్కోలో, బిట్‌కాయిన్ సొమ్ముతో కాదు. కొద్దిపాటి కాయిన్లు ఇప్పటికీ ఉన్నాయి, సొంత వాలెట్‌లో. మొన్నామధ్య నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు కొంత అమ్మే పని పడింది. ముందు ఇరవై డాలర్ల విలువైన ముక్క పంపాడు. టీ పెట్టుకుని తాగాం. జమ్మికుంటకు వీడియో కాల్ చేస్తే పెద్దాయన అక్కడ తెల్లవారుజామున లేచి కూర్చున్నారు. ఇంత చిన్న ముక్క ఎందుకు పంపావని అడిగితే, “శాంపిల్ బాపూ” అన్నాడు కొడుకు. బేల్ విప్పేముందు గుప్పెడు పత్తి లాగి చూడటం ఆయనకు తెలియనిది కాదు, ఇంకేం అడగలేదు. నలభై నిమిషాలకు ఫోన్ మోగింది. చూసి, “చేరినయి” అని, మిగతాది పంపడానికి కూర్చున్నాడు.