మేడమీది టమాటకు ఏ ఎరువు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా విద్యార్థి ఒకడు మేడమీద కుండీలలో టమాట వేసినాడు. ఎరువు కొనడం దేనికని వడ్రంగి దుకాణం నుండి రంపపు పొట్టు తెచ్చి, సగం మట్టి, సగం పొట్టు కలిపి కుండీలు నింపినాడు. మూడు వారాలు తిరగకముందే అడుగు ఆకులు పసుపుపచ్చ బారినవి. ఎల్.బి. నగర్‌లోని అతని స్నేహితుడు ప్రతి మొక్క మొదట్లో రెండేసి గుప్పెళ్ల ఆముదపు చెక్క పోసి నీరు పెట్టినాడు. నాలుగు రోజులలో ఆకుల అంచులు మాడి మొక్కలు వాలిపోయినవి. "రసాయన ఎరువు ముట్టనేలేదు కదా, మాస్టారూ! ఇట్లా ఎందుకైనది?" అని ఇద్దరూ అడిగినారు.

మొక్క పేడను తినదు, చెక్కను తినదు. వేళ్లు పీల్చుకొనే నత్రజని చాలవరకు అమ్మోనియం, నైట్రేట్ అనే రూపాలలోనే ఉంటుంది. ఎరువులోని మాంసకృత్తులను మట్టిలోని సూక్ష్మజీవులు విడగొట్టి అమోనియాను పుట్టించును. దానిని నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా నైట్రైట్‌గాను, నైట్రోబాక్టర్ వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మార్చును. యూరియా వేసినా, పెంట వేసినా, చివరకు వేరుకు అందేది ఆ నైట్రేటే. తేడా అంతా అది ఎప్పుడు, ఎంత మోతాదులో తయారగునన్న దానిలో ఉన్నది.

ఇక సూక్ష్మజీవి సంగతి. దాని శరీరంలో ఒక పాలు నత్రజనికి సుమారు ఎనిమిది పాళ్లు కర్బనం ఉండును. అది తిన్న కర్బనంలో మూడవ వంతు మాత్రమే శరీరంగా మారును. మిగిలిన రెండు వంతులు శ్వాసలో బొగ్గుపులుసు గాలిగా పోవును. అంటే ఒక పాలు నత్రజనితో పాటు దానికి 24 పాళ్ల కర్బనం కావలెను. చివికిన పశువుల ఎరువులో ఈ నిష్పత్తి 20కి అటూ ఇటూ, వరిగడ్డిలో 80, రంపపు పొట్టులో 400 వరకు ఉండును. పొట్టును కుళ్లబెట్టే జీవులకు దానిలోని నత్రజని ఏ మూలకూ చాలదు. అవి మట్టిలోని నైట్రేట్‌ను లాగుకొనును. ఈ పోటీలో మొక్క ఓడిపోవును. మొదటి విద్యార్థి టమాటలు పస్తు పడినవి.

ఆముదపు చెక్కలో ఆ నిష్పత్తి 10 దరిదాపుల ఉండును. సూక్ష్మజీవులకు అక్కరలేని నత్రజని అమోనియాగా ఒక్కసారి వెలువడును. మట్టి వేడెక్కును కూడా. లేత వేళ్లకు అది విషమే. స్నేహితుని మొక్కలు తిండి ఎక్కువై చచ్చినవి.

ఎంత వేయవలెనో లెక్క వేద్దాము. కిలో పండ్లు కాచే టమాట మొక్కకు సుమారు 3 గ్రాముల నత్రజని కావలెను. పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలే. 600 గ్రాములలో ఆ 3 గ్రాములు ఉన్నవి. కాని మొదటి పంటకు అందేది అందులో మూడవ వంతు మాత్రమే గనుక రెండు కిలోలకు కొంచెం తక్కువ వేయవలెను. నూటికి నాలుగు పాళ్ల నత్రజని గల ఆముదపు చెక్క అయితే 75 గ్రాములు, అంతకన్న కొంచెం ఎక్కువ గల వేపచెక్క 60 గ్రాములు చాలును. దీనిని ఒకేసారి గాక రెండు మూడు దఫాలుగా, మొదటికి జానెడు దూరంలో, మట్టిలో కలిపి వేయవలెను. మొదటి దఫా నాటుటకు పదిహేను రోజుల ముందే పడవలెను. వేపచెక్కలో మరొక గుణం కలదు: నైట్రేట్‌ను తయారుచేసే బాక్టీరియాను అది కొంత నెమ్మదింపజేయును. మన దేశంలో 2015లో యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేయుటకు ఒక కారణం ఇదే. మృగశిర కార్తె వానలకు నైట్రేట్ కుండీ అడుగు రంధ్రాల గుండా కొట్టుకొని పోవును గనుక మేడమీద ఈ నెమ్మది మేలు.

ఆముదపు చెక్క విషయంలో ఒక హెచ్చరిక. ఆముదపు గింజలోని రిసిన్ అనే విషం చెక్కలో మిగిలి ఉండవచ్చును. దాని వాసనకు కుక్కలు మట్టి తవ్వి తిని చనిపోవుట కలదు. ఇంటిలో కుక్క గాని, పసిపిల్లలు గాని ఉంటే నేనైతే వేపచెక్కనే కొందును.

కొత్తపేటలోని పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారానికి తరలిపోయేవరకు ఎండిన గడ్డి, కుళ్లిన పండ్లు పక్కపక్కనే పడి ఉండేవి. ఒకటి కర్బనం మెండుగా గలది, రెండవది తడి గలది, త్వరగా కుళ్లేది. ఇట్టి వాటికి పేడ, మన్ను చేర్చి, పొరలు పొరలుగా పేర్చి, తిరగవేసి ఎరువు చేసే పద్ధతిని ఆల్బర్ట్ హోవార్డ్ ఇండోర్‌లో రూపొందించి 1931లో పుస్తకంగా వెలువరించినాడు. మన ఇంటి కూరగాయల తొక్కలకు కూడా అదే లెక్క. ఎండుటాకులు చేర్చకపోతే నత్రజని అమోనియాగా గాలిలో కలిసిపోవును. ముక్కే ఆ సంగతి చెప్పును.

ఎరువు చివికినదో లేదో చూచుటకు తరగతిలో ఒక పరీక్ష చేయవచ్చును. ఒక గిన్నెలో మట్టి, మరొక గిన్నెలో సగం మట్టి, సగం ఎరువు పోసి, రెండింటిలో ఇరవయ్యేసి మెంతులు చల్లండి. నాలుగైదు రోజులకు రెండవ గిన్నెలో మొలకలు తక్కువైనా, వేళ్ల కొనలు నల్లబడినా, ఆ ఎరువు ఇంకా పచ్చిది.

మొదటి విద్యార్థి తన కుండీల మట్టిని పారవేయలేదు. పేడనీళ్లు చల్లి, వేపచెక్క కలిపి, గోనెపట్టా కప్పి నాలుగు నెలలు ఉంచినాడు. మొన్న మెంతులు చల్లి చూచినాడు. ఇరవైలో పద్దెనిమిది మొలిచినవి.