ఉరుముల వానయు ఉబ్బసమును

ఆస్ట్రేలియా దేశమునకు ఆగ్నేయ దిక్కున విక్టోరియా రాష్ట్రములో మెల్బోర్న్ అను మహానగరము గలదు. మన తెలుగు సీమలో చలి ప్రవేశించు నవంబరు మాసము అచ్చట వసంతము ముగిసి వేసవి సమీపించు కాలము. 2016వ సంవత్సరము నవంబరు 21వ తేది సోమవారమున ఆ నగరములో ఇంచుమించు 35 డిగ్రీల ఎండ కాసెను. సాయంకాలము ఆరు గంటల ప్రాంతమున పడమటినుండి ఉరుములతో కూడిన గాలివాన వచ్చి ఎండను చల్లార్చెను. పగలంతయు ఉడికినవారు చల్లగాలి కొరకు కిటికీలు తెరచుట సహజమే కదా. అయితే ఆ చల్లగాలియే వేలమందికి ఊపిరాడకుండ చేసెను. తరువాతి 30 గంటలలో శ్వాసబాధతో ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చినవారు మామూలుకంటె 3,365 మంది అధికముగా నుండిరి. పదిమంది మరణించిరి.

ఈ సంగతి మన జనులు శ్రద్ధగా వినవలసినది. ఏలయనగా ఆ రాత్రి ఉబ్బసముచేత ఆసుపత్రులలో చేర్చబడినవారిలో ఇండియాలోను సింహళములోను పుట్టినవారు, నగర జనసంఖ్యలో వారి పాలునుబట్టి చూడగా, మిక్కిలి ఎక్కువగా నుండిరి. వారిలో ననేకులు అంతకుముందు ఉబ్బసమన్నదే యెరుగరు. ఏటేట గడ్డి పూచు కాలమున తుమ్ములు, ముక్కు కారుట, కండ్ల దురద మాత్రమే వారికి కలుగుచుండెను. “పడిశమే గదా” అని దానిని లెక్కచేయనివారు ఎందరో!

ఆ నగరమునకు ఉత్తరమునను పడమటను విశాలమైన పచ్చికబయళ్లు గలవు. పశువుల మేతకై ఐరోపానుండి తేబడిన రై గడ్డి అచ్చట విస్తారముగా పెరుగును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు దాని పుప్పొడి గాలిలో నిండియుండును. పుప్పొడి రేణువు ఎంత సన్నముగా కనబడినను ఊపిరితిత్తులలోనికి పోవుటకు చాల పెద్దది. ముక్కు వెండ్రుకలును చీమిడియు దానిని పట్టి నిలుపును. కాని గాలివాన వచ్చినప్పుడు ఆ రేణువులు మేఘములోనికి ఎగసి తేమచేత ఉబ్బి పగులును. ఒక్కొక్క రేణువులో నుండి దాదాపు 700 పిండిరవ్వలు బయటపడును. మెల్బోర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన సుఫియోగ్లు, నాక్స్ అను శాస్త్రజ్ఞులును వారి సహకారులును 1992వ సంవత్సరమున ఈ సంగతిని ప్రకటించిరి. ఆ రవ్వలు మూడు మైక్రాన్లకంటె చిన్నవి గనుక ముక్కు కాపలాను దాటి ఊపిరితిత్తుల లోతట్టు గొట్టములను చేరును. గాలివానకు ముందుగా నేలను తాకు చల్లగాలి వాటిని జనుల ముఖములమీదికే తెచ్చును.

రై గడ్డి మన పొలములలోనిది కాదు, చలిదేశపు గడ్డి. ఇండియానుండి అచ్చటికి వెళ్లినవారికి మొదటి యేడు ఏమియు కనబడకపోవచ్చును. కొన్ని సంవత్సరములు ఆ గాలి పీల్చిన పిమ్మట శరీరము ఆ పుప్పొడిని శత్రువుగా నెంచుట నేర్చుకొనును. “ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెట్లు వచ్చును” అను మాట యిక్కడ చెల్లదు.

లోపల జరుగునదేమి? ఊపిరిగొట్టము చెట్టువలె కొమ్మలు కొమ్మలుగా చీలి సన్నగిలును. ఈ కొమ్మల చుట్టు సన్నని కండర పట్టీలు గలవు. పిండిరవ్వలు తగిలిన కొద్ది నిమిషములలో ఆ పట్టీలు బిగుసుకొనును, లోపలి పొర వాచును, జిగురైన కఫము ఊరును. మూడు కీడులు ఒకేసారి కలుగుట చేత గొట్టము రంధ్రము సన్నబడును. గాలి లోనికి పోవుటకంటె వెలుపలికి వచ్చుటయే కష్టము. ఏలయనగా ఊపిరి పీల్చునప్పుడు గొట్టములు కొంత విప్పారును, విడుచునప్పుడు ముడుచుకొనును. అందుచేతనే పిల్లికూతలు విడుపులో ఎక్కువగా వినబడును. విడువని గాలి రొమ్ములో నిలిచిపోగా, కమ్మరి కొలిమితిత్తి నిండా ఉబ్బియుండగానే మరల తెరువబోయినట్లు రోగి ప్రయాసపడును. కాసేపటికి అతని కండరములు అలసిపోవును.

ఇచ్చటనే తల్లులు మోసపోవుదురు. మొదట రోగి గబగబ ఊపిరి తీయును గనుక రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గును. అలసట కలిగిన పిమ్మట ఆ వాయువు మరల పెరిగి మెదడును మందగింపజేయును. ప్రాణవాయువు కొరతచేత తికమక కలుగును. అంతవరకు పెనుగులాడిన బిడ్డ నెమ్మదించి కన్నులు మూయును, కూతలు ఆగిపోవును. “అమ్మయ్య, నిద్రపట్టినది” అని ఇంటివారు దీపము తగ్గింతురు. కాని కూత ఆగినది గొట్టము విచ్చుకొన్నందుచేత కాదు, కూయుటకు తగిన గాలి యాడనందుచేత. మాట పూర్తిచేయలేకుండుట, పెదవులు నీలమగుట, మెడకండరములు లోనికి గుంజుకొనుట, మగత, తడబాటు – వీనిలో ఏదైనను కనబడినయెడల ఒక నిమిషమైనను ఆలస్యము చేయరాదు. ఆస్ట్రేలియాలో 000 అను సంఖ్యకు పిలువవలెను.

బండి వచ్చులోగా చేయదగిన పని కలదు. రోగిని పండుకొనబెట్టక నిటారుగా కూర్చుండబెట్టవలెను. నీలపు రంగు ఇన్‌హేలరును స్పేసరు గొట్టమునకు తగిలించి ఒక పీల్పు మందు వదలి నాలుగు ఊపిరులు తీయింపవలెను. ఇట్లు నాలుగు పీల్పులు ఇచ్చి నాలుగు నిమిషములు వేచియుండవలెను. గుణము కనబడనిచో బండి వచ్చువరకు అట్లే మరల మరల చేయవలెను. ఈ మందు బిగిసిన కండరమును సడలించునే గాని వాపును తీయదు. వాపు తగ్గుటకు వైద్యుడు వ్రాసియిచ్చిన వేరొక పీల్చుమందు ప్రతిదినము వాడవలసియుండును. బాగున్నదని అనేకులు మధ్యలో మానివేయుదురు. సాంబ్రాణి పొగ వేయుట, రోగి చుట్టు పదిమంది మూగుట ఎంత ప్రేమతో చేసినను హానియే.

2017వ సంవత్సరము అక్టోబరునుండి విక్టోరియా ప్రభుత్వము గడ్డి పూచు మూడు మాసములును ఉరుముల ఉబ్బసమునుగూర్చి మున్సూచన ప్రకటించుచున్నది. అపాయము హెచ్చని చెప్పిన దినమున, గాలివాన రాకమునుపే, గడ్డి పడిశము గలవారును ఉబ్బసము గలవారును ఇండ్లలోనికి వచ్చి తలుపులు కిటికీలు మూసికొని, బయటిగాలిని లోనికి లాగు యంత్రములను ఆపి, నీలపు ఇన్‌హేలరును చేతికందునట్లు ఉంచుకొందురు. ఆ గాలివాన దాటిపోయిన తరువాతనే కిటికీలు తెరచెదరు.