ఉన్నది ఉన్నట్టుగా: పాత కారు నేర్పే పాఠం

పాడైన వస్తువును బాగుచేయడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన పనే. బండి చక్రానికి కొత్త ఆకులు వేయిస్తాము, సైకిలుకు రంగు కొట్టిస్తాము, ట్రాక్టరు ఇంజను విప్పించి రీబోరు చేయిస్తాము. బాగుచేయడమంటే మన లెక్కలో మునుపటికంటే మెరుగ్గా చేయడమే. అయితే అమెరికా దేశంలో కొందరు దీనికి భిన్నమైన పని చేస్తున్నారు. యాభై అరవై ఏళ్ల కిందటి కారును తెచ్చి, అది కర్మాగారం గేటు దాటిన రోజున ఎలా ఉండేదో సరిగ్గా అలాగే తయారు చేస్తారు. అంతకంటే తక్కువ కాకూడదు, ఎక్కువా కాకూడదు. ఆనాటి పనివాని చేతిలో రంగు ఒకచోట పలచగా పడి ఉంటే, ఈనాడు కూడా అక్కడ పలచగానే పడాలి.

వినడానికి ఇది డబ్బున్నవారి సరదాగా తోచవచ్చు. సరదా అన్నమాట నిజమే. అయినా ఈ పనిలో అడుగడుగునా నిజానికీ అబద్ధానికీ మధ్య ఎన్నిక ఒకటి ఉన్నది. అందుచేతనే ఈ సంగతిని మన కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

మజిల్ కారు అంటే ఏమిటి?

'మజిల్' అంటే కండ. మధ్యరకం కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజను పెట్టి, యువకులు కొనగలిగే ధరకు అమ్మిన కార్లకు ఈ పేరు వచ్చింది. వీటిలో మొదటిదిగా చాలామంది చెప్పుకునేది 1964 నాటి పాంటియాక్ జీటీఓ. జనరల్ మోటార్స్ కంపెనీలో మధ్యరకం కార్లకు 330 ఘనపు అంగుళాలను మించిన ఇంజను పెట్టరాదని నియమం ఉండేది. పాంటియాక్ విభాగంలో పనిచేసిన జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్, రస్ జీ అనే ఇంజనీర్లు 389 ఘనపు అంగుళాల, అనగా సుమారు 6.4 లీటర్ల ఇంజనును టెంపెస్ట్ లెమాన్స్ కారులో అమర్చారు. దానిని కొత్త కారుగా కాక, సుమారు 296 డాలర్ల అదనపు సామగ్రిగా చూపించి ఆ నియమాన్ని దాటారు. 5,000 అమ్ముడుపోతే చాలనుకున్నారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి.

తర్వాత షెవ్రొలే, ఫోర్డ్, డాడ్జ్, ప్లిమత్ అన్నీ ఈ పోటీలో దిగాయి. ఆ జోరు పదేళ్లు కూడా నిలవలేదు. యువకుల కార్లకు ఇన్సూరెన్సు ప్రీమియం బాగా పెరిగింది. 1970లో వాయు కాలుష్యాన్ని అరికట్టే చట్టం వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపివేశాయి. ఎక్కువ పెట్రోలు తాగే ఈ కార్లు చవకగా చేతులు మారి, ఎన్నో షెడ్లలో తుప్పుపట్టిపోయాయి. అప్పటి కుర్రవాళ్లు నడివయస్సుకు వచ్చాక వాటిని మళ్లీ వెదకడం మొదలుపెట్టారు. అప్పుడు ధరలు లేచాయి. ధరలతో పాటు ప్రశ్న కూడా లేచింది: ఇది అసలైనదేనా?

కారు తన పుట్టుక తానే చెబుతుంది

ఒక ఉదాహరణ చూద్దాము. 1969 షెవ్రొలే కమారోలో జెడ్-28 అనే రకం ఉన్నది. ఆ సంవత్సరపు మోడలులో 20,302 జెడ్-28 కార్లు తయారయ్యాయి. దాని ఇంజను 302 ఘనపు అంగుళాలు, అంటే 5 లీటర్లకు కాస్త తక్కువ. కంపెనీ ప్రకటించిన బలం 290 హార్స్‌పవర్.

మన బండ్ల ఆర్.సి.లో ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి గదా. ఆ కారుకు కూడా చాసిస్ నంబరు ఉన్న చిన్న రేకు ముందు అద్దం గుండా కనబడుతుంది. అందులో మొదటి అంకె 1 అంటే షెవ్రొలే; 24 అంటే ఎనిమిది సిలిండర్ల కమారో; 37 అంటే రెండు తలుపుల కూపే; 9 అంటే 1969; ఎన్ అంటే ఒహాయో రాష్ట్రంలోని నార్వుడ్ కర్మాగారం. ఇంత చెప్పిన ఆ నంబరు, కారు జెడ్-28 అవునో కాదో మాత్రం చెప్పదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మోసానికి దారి ఇక్కడే ఉన్నది.

ఇక ఇంజనును చూడాలి. దాని ముందు భాగాన చదునైన చిన్న జాగా మీద అక్షరాలు గుద్ది ఉంటాయి: ఇంజను కూర్చిన ఊరి గుర్తు, నెల, తేదీ, చివర రెండక్షరాలు. జెడ్-28కి ఆ రెండక్షరాలు 'డీజెడ్' కావాలి. చాసిస్ నంబరులో కొంత భాగం కూడా ఇంజను మీద గుద్ది ఉండాలి. అది కారు నంబరుతో సరిపోవాలి. ఇవి గాక, ఇంజను దిమ్మెను పోతపోసిన తేదీ దాని మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. పోతపోసిన తేదీ ముందు, ఇంజను కూర్చిన తేదీ తర్వాత, కారు తయారైన వారం ఆ తర్వాత రావాలి. బిడ్డకంటే తల్లి ముందు పుట్టాలి గదా! గేరుబాక్సుకు, వెనుక ఇరుసుకు, కార్బురేటరుకు, కిటికీ అద్దాలకు సైతం ఇదే పరీక్ష. ఇవన్నీ సరిపోతే 'నంబర్లు కలిసిన కారు' అంటారు.

ఇంజనుకూ కూర్చునే భాగానికీ మధ్యనున్న గోడకు మరొక రేకు ఉంటుంది. కారు రంగు, సీటు గుడ్డ రకం, తయారైన వారం అందులో ఉంటాయి. '04సి' అంటే ఏప్రిల్ మూడవ వారం. వీటికి తోడు, మొదట కొన్నవారికి వారంటీ పుస్తకంతో ఇచ్చిన చిన్న లోహపు బిళ్ల, పనివారికి దారి చూపిన కర్మాగారపు కాగితం దొరికితే అదృష్టమే. ఆ కాగితం ఒక్కొక్కసారి సీటు స్ప్రింగుల మధ్యనో, పెట్రోలు ట్యాంకు పైననో ఇరుక్కొని దశాబ్దాల తర్వాత బయటపడుతుంది.

కొన్ని కంపెనీల చిట్టాలు భద్రంగా మిగిలాయి. పాంటియాక్ కార్లకు అవి దొరుకుతాయి. అమెరికాలో అమ్మిన 1969 కమారోలకు అట్టి చిట్టాలు అందుబాటులో లేవు. నార్వుడ్ కర్మాగారం 1987లో మూతపడింది. గనుక కారే తనకు తాను సాక్షి. తొందరపడి గీకితే ఆ సాక్ష్యం పోతుంది, మళ్లీ రాదు.

పని ఎలా సాగుతుంది?

తెలిసిన మేస్త్రీ మొదట స్పానరు పట్టడు, నోటు పుస్తకం పడతాడు. విప్పక ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీస్తాడు. ప్రతి బోల్టునూ సంచిలో వేసి, ఎక్కడిదో చీటీ రాసి పెడతాడు. అడుగున పేరుకున్న మడ్డిని నెమ్మదిగా తుడుస్తాడు. ఎందుకంటే దాని కింద ఆనాటి తనిఖీ పనివారు సుద్దతోనో, రంగు చుక్కతోనో పెట్టిన గుర్తులు ఉండవచ్చు. అవి కనబడితే కొలిచి రాసుకొని, పని ముగిశాక అదే చోట అదే రంగులో తిరిగి పెడతాడు. కనబడకపోతే ఊహించి పెట్టకూడదు.

బోల్టుల సంగతి కూడా అంతే. కొన్ని నల్లని ఫాస్ఫేటు పూతవి, కొన్ని కాడ్మియం పూతవి, కొన్నిటికి ఏ పూతా లేదు. అందం కోసం అన్నిటికీ క్రోమియం పూత పూయిస్తే అది తప్పే అవుతుంది. తుప్పు తిన్న అడుగు రేకును, డిక్కీ నేలను కోసి కొత్త రేకు వెల్డింగు చేయక తప్పదు. అయితే కర్మాగారంలో వెల్డింగు చుక్కలు ఎక్కడ పడ్డాయో అక్కడే పడేటట్టు చూస్తారు.

రంగు దగ్గర అసలైన శోధన వస్తుంది. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ అక్రిలిక్ లక్క రంగు వాడేది. దగ్గరగా చూస్తే నారింజ తొక్కలా సన్నని గరుకు కనబడేది. తలుపుల సందులు అన్నిచోట్లా సమానంగా ఉండేవి కావు. ఈనాటి రంగుతో, పైన వేసే పారదర్శకపు పూతతో అద్దంలా మెరిపించవచ్చు. యజమానికి అదే ఇష్టం కావచ్చు. కాని నిక్కచ్చిగా చూసే పోటీలలో 'ఉన్నదానికంటే ఎక్కువ చేశారు' అని మార్కులు తగ్గిస్తారు. తన పనితనాన్ని చూపించుకోవాలనే కోరికను అణచుకోవడమే మేస్త్రీకి అన్నిటికంటే కష్టమైన పని అని మాకు తోస్తున్నది.

ఈ పనిలో అపాయం కూడా ఉన్నది. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును గాలితో ఊదితే ఊపిరితిత్తులకు చేటు. పైకప్పు అతుకులను కొన్ని కార్లలో సీసంతో పూడ్చేవారు. దానిని సానపడితే విషపు పొడి లేస్తుంది. రంగుల ఆవిరి సంగతి చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో డెంటింగు, పెయింటింగు షెడ్లలో పనిచేసే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. ముక్కుకు చేతిరుమాలు చాలదు. పనికి తగిన మాస్కు కావాలి.

ఇలా ఒక కారు పూర్తి కావడానికి 1,000 గంటల పని దాటడం మామూలే. పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాకపోవడమూ తరచుగా జరిగేదే.

తెరిచి ఉన్న తలుపు

మామూలు కమారోకూ జెడ్-28కీ ధరలో చాలా తేడా ఉన్నది. చాసిస్ నంబరు ఆ తేడా చెప్పదని ముందే అనుకున్నాము. చారలు, పేరు బిళ్లలు, సీటు గుడ్డలు అన్నీ కొత్తగా దొరుకుతాయి. 1969 కమారో బాడీ మొత్తం కూడా కొత్తగా తయారై అమ్మకానికి వస్తున్నది. కొందరు వేరొక ఇంజను మీది గుర్తులను అరగదీసి కొత్త అక్షరాలు గుద్దుతారు. తెలిసిన కొనుగోలుదారు మాత్రం ఆ చదును జాగాను దీపం పెట్టి చూస్తాడు. కర్మాగారపు యంత్రం అక్కడ సన్నని సమాంతర గీతలు వదిలేది. అరగదీస్తే ఆ గీతలు పోతాయి. అక్షరాలను మార్చినవాడు గీతలను మరచిపోతాడు.

మామూలు కారును జెడ్-28లా అలంకరించుకోవడం నేరం కాదు. 'ఇది నకలు' అని చెప్పి అమ్మితే అందులో దోషం లేదు. చాలామంది అలాగే సంతోషంగా చేసుకుంటారు. చెప్పకుండా అమ్మడమే మోసం. కారు చాసిస్ నంబరును తొలగించడం, మార్చడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. మంచి మేస్త్రీకి, మోసగానికి ఉన్న నేర్పు ఒకటే, పనిముట్లు ఒకటే. తేడా అంతా కొనేవానికి ఇచ్చే కాగితంలో ఉన్నది. 'ఇది మొదటిది, ఇది బాగుచేసినది, ఇది మార్చినది' అని ఉన్నదున్నట్టు రాసి ఇచ్చేవాడే నిజమైన పునరుద్ధారకుడు.

ముట్టుకోకపోవడమూ ఒక పనే

అన్ని కార్లనూ కొత్తగా చేయనక్కరలేదని చెప్పే కుటుంబ కథ ఒకటి ఉన్నది. 1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ముస్టాంగ్ కారును 1974లో రాబర్ట్ కీర్నన్ అనే ఆయన కొన్నారు. ఆయన భార్య ఉపాధ్యాయురాలు. ఆమె ఆ కారులోనే బడికి వెళ్లేవారు. 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా వారు అమ్మలేదు. 1980లో క్లచ్ చెడిపోయి కారు మూలపడింది. 2014లో తండ్రి చనిపోయాక కుమారుడు షాన్ దానిని నడిచేటట్టు చేశారు గాని, రంగు వేయించలేదు. సినిమా కెమెరాల కోసం అడుగున వెల్డింగు చేసిన గొట్టాలు అలాగే ఉన్నాయి. కొత్త కారులా చేసి ఉంటే ఆ గుర్తులు పోయేవి, వాటితో పాటు కథకు రుజువూ పోయేది. 2018 జనవరిలో డిట్రాయిట్‌లో ఆ కారును ప్రజలకు చూపించారు. 2020 జనవరిలో అది వేలంలో రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది.

కొత్తగా చేసిన కార్లను, చేయకుండా వదిలిన కార్లను కళ్లారా చూడాలంటే డిట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఆగస్టులో జరిగే ఊరేగింపు మంచి అవకాశం. 1995లో మొదలైన ఈ ఉత్సవానికి ప్రవేశ రుసుము లేదు. ఆ ప్రాంతంలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలను చూడటానికి ఆ నెలలో అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు ఒక సాయంత్రం నిలబడి చూసి రావచ్చు.

మన ఇంటికి ఏమిటి?

మన ఇళ్లలో మజిల్ కార్లు లేవు. అయితే తాతగారి చేతిగడియారం, అమ్మమ్మ కుట్టుమిషను, నాన్నగారి మొదటి స్కూటరు ఉండవచ్చు. రంగు వేయించక ముందు ఒక ఫొటో తీసి పెట్టండి. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ భాగం ఎప్పుడు మార్చారు అన్నది పెద్దలను అడిగి పుస్తకంలో రాయండి. పాత రసీదులు చించివేయకండి. రేపు ఆ వస్తువు గురించి సాక్ష్యం చెప్పేవి అవే.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి. మనం ఎద్దును అమ్మినా, మోటారు సైకిలు అమ్మినా, వాడిన ట్రాక్టరు అమ్మినా, లోపం ఏమిటో అడగకముందే చెప్పే అలవాటు చేసుకోవాలి. మీటరు వెనక్కి తిప్పి, పగుళ్ల మీద రంగు పూసి నాలుగు వేలు ఎక్కువ రాబట్టవచ్చు. కాని పక్కనే నిలబడిన మన పిల్లవాడు అది చూస్తున్నాడు. లోపాన్ని ముందే చెప్పి, వచ్చిన ధరకు అమ్మి, తలెత్తుకొని ఇంటికి వచ్చే తండ్రిని చూసిన పిల్లవానికి నిజాయితీ గురించి వేరే పాఠం చెప్పవలసిన పని ఉండదు.