ఉభయచర విమానాలు – మన తీరం

కప్పను ఉభయచరమని జంతుశాస్త్ర తరగతిలో చదువుకొన్నాము. నీటిలోను నేలమీదను సంచరించగలది గనుక దానికా పేరు వచ్చినది. విమానాలలో కూడ అట్టి జాతి ఒకటి కలదు. 2023 మే నెలలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన నాటినుండి మన విద్యార్థుల నోట విమానాల ముచ్చటే తరచుగా వినవస్తున్నది. ఆ సందర్భంలో ఒక విద్యార్థి నన్ను ఇట్లు అడిగినాడు: "సముద్రం ఇంత చేరువలో ఉన్నది కదా సార్, విమానం నీటిమీదనే దిగరాదా? రెండువేలకు పైగా ఎకరాల భూమి ఎందుకు?" భూములిచ్చిన కుటుంబాలున్న ప్రాంతంలో ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానం చెప్పవలెనంటే కొంత చరిత్రలోనికి పోవలసి ఉన్నది.

నీటిమీద దిగే విమానాలు మూడు తెగలు. మామూలు విమానానికి చక్రాలకు బదులు రెండు పడవలవంటి తేలుడు తొట్లను తగిలించినచో అది ఫ్లోట్ ప్లేన్. విమానపు శరీరమే పడవ ఆకారంలో ఉన్నచో అది ఫ్లయింగ్ బోటు. ఈ రెండింటిలో దేనికైనను ముడుచుకొనే చక్రాలు కూడ అమర్చి, నేలమీద సైతం దిగగలిగేటట్లు చేసినచో అప్పుడది ఉభయచరం. పత్రికలవారు మూడింటిని కలిపివేసి వ్రాయుట పరిపాటి.

1930–40 ప్రాంతంలో పెద్ద విమానాలు దిగదగిన గట్టి రన్‌వేలు ప్రపంచంలో బహు స్వల్పం. నీరు మాత్రం అంతటను ఉన్నది. అందుచేతనే బ్రిటిష్ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి ఫ్లయింగ్ బోట్లు కరాచీనుండి కలకత్తాకు పోతూ రాజస్థాన్‌లోని రాజసమంద్ సరస్సులోను, గ్వాలియర్ వద్దను, అలహాబాదు వద్దను దిగుచుండెడివి. అవన్నియు లోనాటి నీళ్ళని గమనించవలెను.

మన తీరానికి ఈ జాతి విమానంతో సంబంధం కలిగినది 1942లో. ఆ సంవత్సరం ఏప్రిల్ 4వ తేదీన సింహళంలోని కొగ్గలనుండి బయలుదేరిన ఒక కాటలినా ఫ్లయింగ్ బోటు, ద్వీపానికి దక్షిణంగా వందల మైళ్ళ దూరాన జపాను నౌకాదళాన్ని కనిపెట్టినది. దాని నాయకుడు కెనడా వాయుసేనకు చెందిన లియొనార్డ్ బర్చాల్. సింహళానికి వచ్చి ఆయనకు రెండు దినములే అయినది. వార్తను రేడియోలో పంపుచుండగానే జపాను యుద్ధవిమానాలు కాటలినాను కూల్చివేసినవి. తొమ్మిదిమందిలో ఆరుగురు బ్రతికి, యుద్ధం ముగియువరకు ఖైదీలుగా ఉండిరి. ఆ వార్త అందినందున మరునాడు కొలంబోపై దాడి జరుగునప్పటికి అక్కడివారు సిద్ధముగా ఉండగలిగిరి.

బంగాళాఖాతంలో మాత్రం కథ వేరు. అడ్మిరల్ ఒజావా నాయకత్వాన మరొక దళం మన వైపు వచ్చినది. ఏప్రిల్ 6వ తేదీన రియుజో అనే విమానవాహక నౌకనుండి లేచిన విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు వేసినవి. కొద్ది దినముల వ్యవధిలో ఈ సముద్రంలో సుమారు ఇరవై వర్తకనౌకలు మునిగిపోయినవి. పట్టణవాసులు లోనాటి పల్లెలకు తరలిపోయిరి. విశాఖలో అప్పటికి భారత వాయుసేన స్వచ్ఛంద రిజర్వుకు చెందిన 6వ తీరరక్షణ దళం ఉన్నది గాని, దానివి నేలమీదినుండి ఎగిరే విమానాలే. దినమంతా సముద్రంమీద తిరుగుతూ కావలి కాయగల విమానం మనకు లేకపోవుట ఆనాడు ఎంత నష్టమో ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూచినచో తెలియును.

ఇక కాటలినాను గూర్చి. 1935లో అమెరికాలో తొలిసారి ఎగిరిన ఈ విమానానికి రెక్కల కొననుండి కొనకు 104 అడుగులు. ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తిగల రెండు ఇంజన్లు. వేగం చూచినచో గంటకు నూటపాతిక మైళ్ళకు అటు ఇటు, అంతే. శత్రువు కంటబడినచో తప్పించుకొనుట కష్టము. దాని గొప్పతనమంతా ఓర్పులో ఉన్నది. 1943–45 సంవత్సరాలలో క్వాంటాస్ వారి కాటలినాలు ఆస్ట్రేలియాలోని పెర్త్ నుండి కొగ్గలకు ఎక్కడను ఆగక 27 మొదలు 33 గంటలు ఎగిరెడివి. ఎక్కినవాడు దిగులోపల రెండు సూర్యోదయాలను చూచును!

పడవవలె ఉన్న శరీరం నీటినుండి ఎట్లు లేచునో భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించు విషయం. నీరు అడుగుభాగాన్ని పట్టుకొని వదలదు. అందుచేత అడుగున మధ్యభాగంలో ఒక మెట్టువంటి విరుపు పెట్టుదురు. వేగం పెరిగినకొలది ఆ మెట్టుకు వెనుకనున్న భాగం నీటిని విడిచి, గాలి లోనికి చొచ్చి, పట్టు సడలును. దిగునప్పుడు చిక్కు వేరు. అద్దంవలె నిశ్చలమైన నీటిపై దిగుట సులభమని మనకు తోచును. నిజానికి అదే ప్రమాదకరం, ఎత్తు ఎంత మిగిలినదో కన్ను పోల్చలేదు. చిన్న చిన్న అలలే పైలటుకు ఇష్టం.

చిన్నవి అనుటలోనే మా విద్యార్థి ప్రశ్నకు జవాబున్నది. భోగాపురం మండలంలోని ముక్కాం, చేపలకంచేరు ఒడ్డున నిలిచి చూడుడు. ఒకదాని వెనుక ఒకటిగా కెరటాలు విరిగిపడుచుండును. తెప్పను ఆ కెరటాలు దాటించుట ఎంత పనియో మత్స్యకారులను అడిగిన చెప్పెదరు. గంటకు డెబ్బది మైళ్ళ వేగాన వచ్చు విమానానికి నీరు రాతివలె తగులును. కాటలినాలు నడిసముద్రంలో దిగి మునిగినవారిని రక్షించిన సందర్భాలు ఉన్నవి గాని, అది సాహసం, దినచర్య కాదు. కనుకనే మద్రాసు తీరాన్ని కాయుటకు 1942లో వచ్చిన 240వ స్క్వాడ్రన్ కాటలినాలు సముద్రాన్ని వదలి, నగరానికి మంచినీరిచ్చే రెడ్ హిల్స్ చెరువులో మకాం వేసినవి.

అచటను ఒక బాధ ఉన్నది. చక్రాలు లేని ఫ్లయింగ్ బోటును మరమ్మతుకు గట్టెక్కించవలెనంటే మనుషులు నీటిలో దిగి విడి చక్రాలను తగిలించవలెను. 1939లో కాటలినాకే ముడుచుకొనే చక్రాలమర్చి చేసిన ఉభయచర రూపం ఈ బాధను తీర్చినది. యుద్ధానంతరం ఇవి ఉత్తరదేశాలలో చిరకాలం సేవచేసినవి. 1952 జూన్ 13న బాల్టిక్ సముద్రంపై అదృశ్యమైన తమ విమానాన్ని వెదకుటకు స్వీడన్‌వారు పంపిన కాటలినాను 16వ తేదీన సోవియట్ విమానాలు కూల్చినవి. అది నీటిపై దిగగలిగినందున అందలి ఐదుగురిని ఒక జర్మన్ వర్తకనౌక రక్షించినది.

స్వతంత్ర భారత నౌకాదళపు తొలి విమానం సైతం ఉభయచరమే అన్నది మనలో చాలమందికి తెలియదు. బ్రిటన్‌లోని షార్ట్ సంస్థ నిర్మించిన సీలాండ్ విమానాలు మొత్తం 25 మాత్రమే. వాటిలో పదింటిని మన నౌకాదళం కొన్నది. 1953లో కొచ్చిన్‌లో ఐ.ఎన్.ఎస్. గరుడ ఏర్పడినప్పుడు అవే దానికి ఆధారం. ఒకటి గోవాలోని నౌకాదళ వైమానిక ప్రదర్శనశాలలో నేడును ఉన్నది. విశాఖ సముద్రతీరంలో 2017 నుండి ఉన్న టి.యు. 142ను చూచి వచ్చినవారు ఈ చిన్నదానిని కూడ చూచినచో, నౌకాదళ విమానం ఎంత మారిపోయినదో గ్రహించెదరు.

ఈ జాతి క్షీణించుటకు కారణం యుద్ధమే. యుద్ధ సమయంలో లోకమంతటా కాంక్రీటు రన్‌వేలు వెలసినవి. పడవ శరీరం గాలిలో బరువు, ఉప్పునీరు లోహానికి విషము. సముద్రంలో దిగిన ప్రతిసారి మంచినీటితో విమానాన్ని కడుగవలెను.

అయినను కథ ముగియలేదు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుండి శ్రీశైలానికి డి హావిలాండ్ సంస్థవారి ట్విన్ ఆటర్ ప్రయోగాత్మకంగా ఎగిరి కృష్ణమ్మ నీటిపై దిగినది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుతోపాటు, శ్రీకాకుళం సభ్యుడైన కేంద్ర విమానయానమంత్రి రామమోహననాయుడు అందులో ప్రయాణించిరి. మంచినీరు గనుక ఉప్పు బెడద లేదు, కెరటం లేదు.

కాబట్టి భోగాపురానికి రన్‌వే తప్పనిసరియే. కాని రన్‌వేనుండి లేచి నీటిపై దిగగల విమానానికి ఇచటినుండి పోవుటకు తావులు లేకపోలేదు. గోస్తనిపై తాటిపూడి జలాశయం ఉన్నది. ఎన్ని గజాల తెరపి నీరు ఉన్నది, ఏ నెలలో ఎంత లోతు, చుట్టుకొండల గాలి ఎటునుండి వీచును అనునవి లెక్కించవలసి ఉన్నవి. మా ప్రశ్నకర్త ఈ వేసవిలో టేపు, నోటుపుస్తకం పట్టుకొని అచటికి పోవుదునని చెప్పినాడు.